ముసురు పట్టినప్పుడు ప్రింట్ మీద స్ప్రే కొట్టకండి

ఇంట్లో ఇంక్‌జెట్‌లో తీసిన బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకు కోటింగ్ వేయాలా, వేస్తే ఎలా అని అడిగారు. నేను కాకినాడలో పిగ్మెంట్ ఇంకుతో (రంగు సన్నటి పొడిగా కలిసి ఉండే ఇంకు) ప్రింట్లు తీస్తాను. నా అనుభవం చెబుతాను.

ముందు కాగితం సంగతి చూడండి. మ్యాట్ (మెరుపు లేని) కాటన్ కాగితం మీద ఇంకు పైపైనే ఉంటుంది. చిక్కటి నలుపు మీద గోరు తగిలితే చాలు, తెల్ల గీత పడుతుంది. పదిమంది చేతుల్లో తిరిగే ప్రింటైతే స్ప్రే, అంటే పారదర్శకమైన లాక్కర్ పూత, వేయాల్సిందే. బరైటా (బేరియం సల్ఫేట్ పూత ఉన్న ఫొటో కాగితం), గ్లాసీ కాగితాలది వేరే తంటా. ఇంకు పడ్డ చోట ఒక మెరుపు, పడని తెలుపులో ఇంకో మెరుపు. ఏటవాలుగా చూస్తే నలుపు రాగిరంగు తిరుగుతుంది. రంగుల ఫొటోలో కన్ను అంతగా పట్టించుకోదు గానీ బ్లాక్ అండ్ వైట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పల్చటి స్ప్రేతో అది చాలావరకు తగ్గుతుంది.

మా అమ్మమ్మ సంవత్సరీకానికి ఫొటో తయారు చేశాను. శ్రావణమాసం, బయట ముసురు. టైం లేదని వరండాలోనే స్ప్రే కొట్టేశాను. కాసేపటికి ఆవిడ చీర నల్లంచు మీద పాలు ఒలికినట్టు తెల్లటి పొర! స్ప్రేలో లాక్కర్‌ని కరిగించి ఉంచే సాల్వెంట్ ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడి, గాలిలోని తేమ లాక్కర్ పొరలో చిక్కుకుంటుంది. ఆ ప్రింట్ పనికిరాలేదు. ఆ రాత్రి అంచు చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

ఇప్పుడు ప్రింట్ తీశాక కనీసం 24 గంటలు ఆరనిస్తాను. పొడి ఎండ ఉన్న రోజు, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, 25-30 సెంటీమీటర్ల దూరం నుంచి కొడతాను. ఒకసారి అడ్డంగా, అది ఆరాక నిలువుగా, మళ్లీ అడ్డంగా. స్ప్రే కాగితం బయట మొదలుపెట్టి బయటే ఆపాలి, లేకపోతే అంచున చుక్కలు పడతాయి. మాస్కు తప్పనిసరి. దగ్గర్లో పొయ్యి, దీపం ఉండకూడదు. ముందు పాడైన ప్రింట్ ముక్క మీద కొట్టి చూసుకోండి.

మీది డై ఇంకు (రంగు ద్రవంలో కరిగి ఉండే రకం) అయితే నీళ్ల వార్నిష్ బ్రష్‌తో పూయకండి, ఇంకు కరిగి పాకుతుంది. వేడి లామినేషన్ కూడా వద్దు, ఒకసారి అంటుకుంటే మళ్లీ ఊడదు.

గోడకు కట్టి దండ వేసే ఫొటోకైతే స్ప్రే ఒక్కటే చాలదు. తడి పూలు కాగితాన్ని ఉబ్బించేస్తాయి. అద్దం పెట్టించండి, అద్దానికీ ప్రింటుకీ మధ్య మౌంట్ బోర్డు (ఫొటో చుట్టూ అంచుగా పెట్టే మందపాటి అట్ట) ఉండేలా చూసుకోండి. మా అమ్మమ్మ ఫొటో రెండోసారి అలాగే కట్టించాను. అమ్మ రోజూ పెట్టే కుంకుమబొట్టు అద్దం మీదే ఉంటోంది.