గ్దాన్‌స్క్ డాలు మీది నల్లని గ్రిఫిన్

ప్రశ్న: పోలండ్‌లోని గ్దాన్‌స్క్‌లో చదువుతున్న మా అబ్బాయి, సెలవులకు వస్తూ పసుపు డాలు మీద నల్లని వింత జంతువున్న రేకు బిళ్ల తెచ్చాడు. అది వాళ్లుండే ప్రాంతపు చిహ్నమట. ముఖం గద్దది, వెనుక భాగం సింహానిది. ఇది మన గరుత్మంతుడి వంటిదేనా? పక్క ప్రాంతం వారిది ఇదే బొమ్మ ఎర్రగా ఎందుకుంటుంది?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ జంతువు గ్రిఫిన్, పోలండ్‌లో గ్రిఫ్ అంటారు. పక్షిముఖం చూసి గరుత్మంతుడు గుర్తుకు రావడం సహజమే గాని, ఆయన పూజలందుకునే దేవత, ఇది ఒక పాలకవంశపు గుర్తు. మన చరిత్రలో దీనికి సరైన జోడు వేంగి చాళుక్యుల వరాహ లాంఛనం. వారి రాగిరేకుల శాసనాలను గుచ్చిన కడియం మీది ముద్రలో వరాహం, 'త్రిభువనాంకుశ' అన్న బిరుదు కనిపిస్తాయి. అది ఎవరి ఆజ్ఞో చదువు రానివాడికి సైతం ఆ బొమ్మే చెప్పేది.

బాల్టిక్ తీరంలోని పొమేరేనియాను (ఆ పేరుకు సముద్రాన్ని ఆనుకున్న నేల అని అర్థం, మన 'కోస్తా' వంటిదే) 12వ శతాబ్దం నుంచి ఏలిన డ్యూకులకు గ్రిఫిన్ లాంఛనం వల్లనే గ్రిఫిత్సి అనే వంశనామం వచ్చింది. 1637లో పధ్నాలుగవ బొగుస్వావ్ మరణంతో ఆ వంశం అంతరించి, నేలను స్వీడన్, బ్రాండెన్‌బర్గ్ పంచుకున్నా, గ్రిఫిన్ మాత్రం మిగిలింది. చాళుక్యులు పోయినా వరాహం 'వరహా' నాణెంగా మన నోట నిలవలేదా!

1999లో పోలండ్ తన 49 ప్రాంతాలను 16గా కుదించింది. ష్చెచిన్ రాజధానిగా ఉన్న పశ్చిమ పొమేరేనియా పాత డ్యూకుల ఎర్ర గ్రిఫిన్‌ను వెండి డాలు మీద నిలుపుకోగా, గ్దాన్‌స్క్ ప్రాంతం అక్కడి కషూబియన్ ప్రజలు తమదిగా భావించే నల్ల గ్రిఫిన్‌ను బంగారు డాలు మీద పెట్టుకుంది. తమాషా ఏమిటంటే, గ్దాన్‌స్క్‌ను తొలినాళ్లలో ఏలినవారు గ్రిఫిత్సి కారు. 1294లో ముగిసిన వేరే వంశం వారు. కాబట్టి ఇక్కడ రంగు అలంకారం కాదు, చిరునామా. డ్యూకుల పెద్ద డాలులోనూ వేర్వేరు గళ్లలో వేర్వేరు రంగుల గ్రిఫిన్‌లు వారి వేర్వేరు భూభాగాలను సూచించేవి.

ఆ రంగుల కూర్పుకూ ఒక నియమం ఉంది. బంగారం, వెండి లోహాలు. నలుపు, ఎరుపు, నీలం వంటివి రంగులు. లోహం మీద రంగో, రంగు మీద లోహమో ఉండాలి గాని, రంగు మీద రంగు పెట్టకూడదు. యుద్ధభూమిలో దూరం నుంచి పోల్చుకోవడానికి పుట్టిన పద్ధతి ఇది. బెజవాడ బెంజి సర్కిల్ రద్దీలో ఆటో వెనుక పసుపు ప్లేటు మీది నల్లని అంకెలు ఎంత దూరానికి తెలుస్తాయో గమనిస్తే ఇందులోని తెలివి బోధపడుతుంది.

మరొక్క మాట. బిళ్ల మీది గ్రిఫిన్ మీకు ఎడమవైపు చూస్తున్నట్టు ఉంటుంది. డాలుకు కుడిఎడమలను ఎదుట చూసేవారి వైపు నుంచి కాక, పట్టుకున్నవాడి వైపు నుంచి లెక్కిస్తారు. మీ అబ్బాయిని ఆ బిళ్లను చొక్కాకు పెట్టుకోమనండి, అది అతని కుడి భుజం వైపే చూస్తుంటుంది.