ఆన్‌లైన్ లైటు మినుకుతూనే ఉంటే ముందు గోడ దగ్గర చూడండి

న్యూజెర్సీలో కొత్త అపార్ట్‌మెంట్‌కి మారి, మోడెమ్‌కి నెలనెలా అద్దె ఎందుకని సొంతంగా కేబుల్ మోడెమ్ కొన్నానన్నారు. ఆన్‌లైన్ లైటు మినుకుతూనే ఉంది, వైఫై పేరు కూడా కనబడట్లేదన్నారు. టెన్షన్ పడకండి, ఇవి రెండూ వేర్వేరు సమస్యలు.

వైఫై సంగతి తేలిక. మీరు కొన్నది ఉత్త మోడెమ్, వైఫై ఇచ్చే రౌటర్ విడిగా కావాలి. అందాకా లాప్‌టాప్‌కి ఈథర్నెట్ వైరు పెట్టుకోండి.

ఇక లైటు. గోడ దగ్గరా, మోడెమ్ వెనకా కోయాక్స్ కేబుల్ (కేబుల్ టీవీకి వాడే గుండ్రటి వైరు) కనెక్టర్‌ని చేత్తో చివరిదాకా బిగించండి. మర వంకరగా ఎక్కితే చూడ్డానికి బిగిసినట్టే ఉంటుంది, సిగ్నల్ మాత్రం సరిగా రాదు. పాతవాళ్లు టీవీ కోసం వదిలేసిన స్ప్లిటర్ (ఒక కేబుల్‌ని రెండు మూడు దారులుగా చీల్చే చిన్న డబ్బీ) ఉంటే పీకేసి, కేబుల్‌ని నేరుగా మోడెమ్‌కే పెట్టండి. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటే సుమారు 3.5 డీబీ (డెసిబెల్) సిగ్నల్ తినేస్తుంది. తర్వాత బ్రౌజర్‌లో 192.168.100.1 కొట్టండి, చాలా మోడెమ్‌లలో సిగ్నల్ పేజీ వస్తుంది. అందులో డౌన్‌స్ట్రీమ్ పవర్ (కంపెనీ నుంచి మీకొచ్చే సిగ్నల్ బలం) -7 నుంచి +7 dBmV మధ్య ఉంటే మీ దాకా వచ్చే సిగ్నల్‌కి ఢోకా లేదు.

అప్పటికీ నెట్ రాకపోతే, మోడెమ్ ఇంకా మీ ఖాతాకి ఎక్కలేదనే అనుకోవాలి. అడుగున స్టిక్కర్ మీదున్న మ్యాక్ అడ్రస్‌ని (ఆ మోడెమ్‌కే ప్రత్యేకమైన గుర్తింపు నంబర్) ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి చదవండి. ఆ మోడల్ తాము ఒప్పుకునే మోడెమ్‌ల జాబితాలో ఉందో లేదో కూడా అప్పుడే అడగండి, లేకపోతే గడువు దాటకముందే షాపుకి వాపసు ఇచ్చేయొచ్చు. టెక్నీషియన్‌ని పంపుతామంటే మాత్రం ఛార్జీ ఎంతో తెలుసుకోకుండా సరే అనకండి.

రౌటర్ తగిలించాక మోడెమ్‌ని ఓసారి ఆపి ఆన్ చేయండి. చాలా మోడెమ్‌లు ముందు కనెక్టయిన లాప్‌టాప్‌నే గుర్తుపెట్టుకుని రౌటర్‌ని పట్టించుకోవు.