ముందు కాలు తియ్యడం నేర్చుకో

చిరంజీవి చిన్నోడికి,

పెదనాన్న ఆశీస్సులు. సైకిలు పెడళ్లకి టో క్లిప్పులు, అదే, బూటు ముందుభాగాన్ని పెడలు మీద పట్టి ఉంచే పట్టీ, బకిలూ ఉన్న చట్రాలు బిగించుకున్నావనీ, రెండోరోజే మాగుంట లేఅవుట్‌లో పడి మోచెయ్యి గీరుకున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వాటిని ఊడబీకేస్తానంటున్నావంట. వద్దు నాయనా, ఒక్క నెల ఓర్చుకో.

కాలు లోపలికి పోక పడలేదు నువ్వు, బయటికి రాక పడ్డావు. ఎవరైనా మొదట అక్కడే పడతారు. ఆత్మకూరు బస్టాండు దగ్గర ముందున్న ఆటో ఆగితే నేనూ ఆగి, ఆగిన సైకిలుతో పాటే పక్కకి ఒరిగిపోయాను. మణికట్టు వాచి పదిరోజులు పెన్ను పట్టుకోలేదు. కాలుని పక్కకి లాగడమే నా పొరపాటు. మామూలు పెడలు మీద చిన్నప్పటినించీ అట్టాగే తీస్తాం గదా. క్లిప్పులోంచి మాత్రం కాలు వెనక్కి రావాలి, గడప దగ్గర చెప్పు విడిచినట్టు.

అందుకని రోడ్డెక్కకముందు సైకిలుని ఇంటి గోడవారగా పెట్టుకుని ఎక్కు. కుడిచెయ్యి గోడకి ఆనించి, ఎడమకాలు క్లిప్పులో పెట్టు. వంగి, బకిల్‌ని బొటనవేలితో తొయ్యి. పట్టీ వదులవుతుంది. కాలు వెనక్కి లాగి నేలమీద పెట్టు. మళ్లీ పెట్టు, మళ్లీ తియ్యి. రోజుకి యాభైసార్లు. చూడకుండా చెయ్యి బకిల్ మీదికి పోయేదాకా ఇట్టాగే చేస్తుండు.

మొదటి రెండువారాలు రోడ్డుమీద పట్టీలు బిగించనే వద్దు. ఆ తర్వాతైనా ఊళ్లో తిరిగేటప్పుడు వదులుగానే ఉండనియ్యి. ఎర్రలైటు పడ్డాక వెతుక్కోవడం కాదు, లైటు కనపడగానే ఎడమ పట్టీ వదులు చేసేసుకో. మనం ఎడమ అంచునే పోతాం కాబట్టి నేలకి ఆనేది ఆ కాలే.

ఇక కాలు పెట్టడం. కుడికాలు బయల్దేరకముందే పెట్టేసుకుంటావు, దానితో గొడవ లేదు. ఎడమ పెడలు మాత్రం క్లిప్పు బరువుకి తలకిందులుగా వేలాడుతుంటుంది. కంగారుపడి కిందికి చూడబాక, చూపు రోడ్డుమీదే ఉండాలి. నాలుగు తొక్కులు ఆ తిరగబడ్డ వైపే తొక్కి సైకిలుని వేగం మీదికి రానియ్యి. అప్పుడు బూటు కొసని పెడలు అంచుకి ఆనించి చిన్నగా వెనక్కి గీరు. పెడలు తిరిగి క్లిప్పు నోరు పైకొస్తుంది. ఆ క్షణంలోనే కాలు ముందుకి తొయ్యాలి. మొదట్లో పదిసార్లకి రెండుసార్లే కాలు లోపలికి పోతుంది. క్లిప్పు కిందికుండగా మలుపులో సైకిలు వాల్చావంటే అది రోడ్డుకి గీరుకుంటుంది, జాగ్రత్త.

వేళ్ల మొదట్లో ఉండే మెత్త సరిగ్గా పెడలు ఇరుసు మీదికి రావాలి. అట్టా పెట్టాక బూటు ముందు బియ్యపుగింజంత సందు మిగలాలి. వేళ్లు క్లిప్పుకి కొట్టుకుంటుంటే అది నీ కాలికి చిన్నది, మార్చుకో. పట్టీని పెడలు లోపల ఒక మెలి వేసి దూర్చు, జారదు. అడుగున లోతు గాడులున్న బూట్లు పెడలుకి పట్టుకుంటాయి, నున్నటివి వేసుకో.

వీటితో కాలు పైకి లాగి ఎగిరిపోవచ్చని ఎవరన్నా చెబితే నమ్మబాక. కాలు జారదు, ఉన్నచోటే ఉంటుంది, అంతే. ఆ అంతే ఎంత విలువో సాయంత్రంపూట మైపాడు రోడ్డులో సముద్రపు గాలికి ఎదురు తొక్కితే తెలుస్తుంది. పట్టీల్లేకుండా బూటు అడుగుకే కరుచుకునే పెడళ్లతో 1985లో ఫ్రెంచి రేసరు బెర్నార్ ఇనో టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచాక రేసుల్లో వాళ్లంతా అటు మళ్లారు గానీ, జపానులో కెయిరిన్ అనే సైకిలు పందేల్లో ఇప్పటికీ పట్టీలే కడతారు. మామూలు బూట్లతో ఎక్కి దిగే మనకి ఇవే నయం.

మోచెయ్యి మానాక ఒక ఆదివారం తెల్లారి ఐదింటికి రా, ఎండెక్కకముందే మైపాడు పోయొద్దాం. వచ్చేటప్పుడు ఎడమ బకిల్ ఒకసారి చూసుకో, కొత్తవి బిగుసుగా ఉంటాయి.

మీ పెదనాన్న