లీన్ పద్ధతి పెట్టిన ఏడాదికే అంతా పాత దారిలో ఎందుకు పడుతుంది?

మీ రైసు మిల్లులో లీన్ పద్ధతి, అంటే పనిలో వృథాను తగ్గించుకుంటూ పోయే టొయోటా తరహా పద్ధతి, మొదలుపెట్టిన ఏడాదికే అంతా పాత దారిలో పడిందని, ఇంకా శిక్షణకు డబ్బు దండగని యజమాని అంటున్నారని రాశారు. మాకూ అచ్చంగా ఇదే జరిగింది. ఒడిశాలో గుణుపురం దగ్గర ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో, అంటే గింజల నుంచి దూదిని వేరుచేసే మిల్లులో, తొమ్మిది సీజన్లు సూపర్‌వైజరుగా చేశాను.

మొదటిసారి విశాఖ నుంచి ఒక సలహాదారు వచ్చారు. నేల మీద పసుపు గీతలు, గోడకు పనిముట్ల బొమ్మలు, ఇంగ్లీషు బోర్డులు. పత్తి ఏరే ఆడవాళ్లలో సగంమంది సవర, కంధ గిరిజనులు. మేస్త్రీతో ఒడియా, నాతో తెలుగు, తమలో తాము తమ భాష. ఆ బోర్డులు చదవగలిగింది నేనూ, అకౌంటెంటూ. సంక్రాంతికల్లా గీతల మీద దూది పేరుకుంది, రెంచీలు ఎవరి సంచిలోకి వాళ్లకు చేరిపోయాయి.

అయితే పని చెడింది బోర్డుల వల్ల కాదు. పత్తి బోరాలు (గోనె సంచులు) విప్పే చోటును ఏరే బల్లల దగ్గరికి జరిపితే మోసే పని తగ్గుతుందని ఆ ఆడవాళ్లే చెప్పారు. జరిపాం, తగ్గింది. ఇద్దరు మనుషుల పని ఆదా అయింది. ఆ వారమే ఆ ఇద్దరినీ రావద్దన్నారు. తర్వాత రెండు సీజన్లు ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. సలహాల పెట్టె తెరిస్తే బీడీ ముక్కలు దొరికాయి. అంతకంటే స్పష్టమైన సలహా ఇంకేం కావాలి?

మళ్లీ మొదలుపెట్టినప్పుడు యజమానితో ఒక్కటే మాట తీసుకున్నాను: పని తగ్గితే మనిషిని ఇంకో పనికి మార్చాలి, తీసేయకూడదు. ఆయన ఊరికే ఒప్పుకోలేదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ సంగతి చెప్పాను. జనరల్ మోటార్స్ అక్కడి కార్ల ఫ్యాక్టరీని 1982లో మూసేసింది. 1984లో టొయోటాతో కలిసి న్యూమీ పేరుతో తెరిచినప్పుడు చేరినవాళ్లలో చాలామంది ఆ పాత కార్మికులే. బృంద నాయకులను జపాన్ పంపి పని నేర్పించారు. అవే చేతులు, కార్ల నాణ్యత మాత్రం మారింది.

మిగిలింది నేర్పడం. గింజ నుంచి దూది లాగే మా జిన్ను యంత్రాల్లో తోలు రోలరు అరిగేకొద్దీ దాన్ని కదలని కత్తికి ఆనించే ఒత్తిడి సరిచేయాలి. అది ఒక్క పెద్ద ఫిట్టరుకే తెలుసు. ఆయన సెలవు పెడితే మాకు పండగ కాదు, గండం. నేర్పమంటే "అది చేతికి తెలియాలి బాబూ" అనేవారు. నాలుగు రోజులు పక్కన కూర్చుని చూశాను. జిన్ను కిందికి చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో రుద్దుతారు. గింజకు పొడవు దూది మిగిలితే ఒత్తిడి చాలలేదు, గింజ తెగితే కత్తుల అమరిక చూడాలి, తోలు మాడిన వాసన వస్తే ఒత్తిడి ఎక్కువైంది. చేతికి తెలిసిన విద్య మూడు మాటల్లో పట్టింది! ఆయన కూడా విని నవ్వారు.

నేర్పే తీరు మాత్రం టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) నుంచి తీసుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్లను త్వరగా తయారు చేయడానికి అమెరికా ప్రభుత్వం నడిపిన కార్యక్రమం అది. యుద్ధం తర్వాత జపాన్ చేరింది, టొయోటా అందిపుచ్చుకుంది. ముందు మనిషి బెరుకు పోగొట్టాలి, తర్వాత కారణాలు చెబుతూ చేసి చూపాలి, వాళ్లచేత చేయించాలి, ఆ తర్వాత వెళ్లి చూస్తూ ఉండాలి. పని రాలేదంటే తప్పు నేర్పినవాడిదే. మన మేస్త్రీలు ఈ చివరి మాట దగ్గరే ముఖం ముడుస్తారు. ఆ సీజనులో ముగ్గురికి రోలరు పని వచ్చింది, అందులో ఒకామె పత్తి ఏరే బల్ల నుంచి వచ్చింది.

ఆమే ఒకరోజు పత్తిలో నీలం ప్లాస్టిక్ దారం కనిపించి బెల్టు ఆపేసింది. ఆ దారానికి రంగు అంటదు, బట్టకు అద్దకం వేశాక మచ్చలా తేలుతుంది, బేళ్ల ధర పడిపోతుంది. యజమాని పరుగున వచ్చి "ఎవరు ఆపారు?" అని అరిచారు. ఆమె దారం చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కాసేపు చూసి, ఏ రైతు బోరాలో వచ్చిందో కనుక్కోమని నాకు చెప్పి వెళ్లిపోయారు.

మీ మిల్లులో ధాన్యం పొట్టు తీసే రబ్బరు రోళ్ల బిగింపు ఎంతమందికి వచ్చు? ఒక్కరికే అయితే రేపు ఉదయం ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. నేలకు పసుపు రంగు తర్వాత కొనవచ్చు.