ఇల్లు తాకట్టు పెట్టించాలా?

ప్రశ్న: మాది పోఖరా. నాన్న నేపాలీ, అమ్మ తెలుగు. బీబీఏ చేసి మూడేళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నాను. విదేశంలో బిజినెస్ మాస్టర్స్ చేయాలని ఉంది. ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు నాన్న. సరేననమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే వద్దు తల్లీ. ముందు నీ ఉద్యోగానుభవాన్ని వాడుకో. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కి నేపాలీలు అర్హులే. 2,800 గంటల అనుభవం అడుగుతారు, నీకు అంతకు మించే ఉంది. ఏడాది మాస్టర్స్‌కి ఫీజు, నెలవారీ ఖర్చులు, విమానం టికెట్ వాళ్లే భరిస్తారు. చదువయ్యాక రెండేళ్లు నేపాల్లో ఉండాలి. ఎంబీఏకి మాత్రం ఫీజుపై పరిమితి ఉంది, మిగతాది నీ మీదే పడుతుంది. అందుకే ఎమ్మెస్సీ ఫైనాన్స్ లాంటివి చూడమంటాను.

పోటీ చాలా గట్టిది కాబట్టి జర్మనీని కూడా రెండో దారిగా చూసుకో. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు ఉండదు, ఎంబీఏకి మాత్రం సాధారణంగా ఉంటుంది. వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకి ఇంతే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అది పోయే డబ్బు కాదు, నెలకి 992 చొప్పున నీ ఖర్చులకే వస్తుంది. నాన్నగారికి ఇది విడమరిచి చెప్పు, ఆయన బెంగ సగం తీరుతుంది.

ఎక్కడికెళ్లినా నేపాల్ విద్యాశాఖ నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ లేనిదే బ్యాంకు ఫీజు పంపదు. అడ్మిషన్ రాగానే దానికి అప్లై చెయ్యి.