తువాలు చుట్టినా చర్మం ఎందుకు కందింది?

ప్రశ్న: ఫిజియోథెరపీ సహాయకురాలిగా ఈమధ్యే చేరాను. నడుంనొప్పితో వచ్చిన ఒక పెద్దాయన నడుం కింద హాట్‌ప్యాక్ (వేడినీళ్లలో కాచి కాపడానికి వాడే సంచి) పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాను. తువాళ్లు ఎప్పటిలాగే చుట్టినా చర్మం కందిపోయింది. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: పడుకోబెట్టడంలో. మనిషి బరువు పడితే తువాలు పొరలు అణిగిపోయి వాటి మధ్య గాలి ఉండదు. ప్యాక్‌లోని వేడినీళ్లు పిండినట్టు బయటికొస్తాయి. తడిసిన తువాలు వేడిని ఆపకపోగా తొందరగా చర్మానికి అందిస్తుంది. ఒత్తిడికి అక్కడ రక్తప్రసరణ కూడా తగ్గుతుంది కాబట్టి చేరిన వేడి చేరినట్టే నిలిచిపోతుంది. బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, ప్యాక్‌ను నడుం మీద పరవండి. బోర్లా పడుకోలేనివారి సంగతి ముందే థెరపిస్టును అడగండి.

ప్యాక్‌లను కాచే తొట్టిలో నీళ్లు 70–75 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటాయి. ప్యాక్‌ను తొట్టిపైనే నీళ్లోడనిచ్చి, పొడి తువాలు 6 నుంచి 8 పొరలు వేయాలి. ప్యాక్‌కు వేసే తొడుగు కొత్తదైతే రెండు మూడు పొరల కింద లెక్క; నలిగి పలచబడినదాన్ని ఆ లెక్కలో వేయకండి. రద్దీ రోజున ఇంకో చిక్కు. వాడిన ప్యాక్ మళ్లీ కాగడానికి 20–30 నిమిషాలు పడుతుంది. అంతలోపే తీస్తే గోరువెచ్చగా ఉందని ఒకటి రెండు పొరలు తగ్గిస్తారు. అదే అలవాటైతే, పూర్తిగా కాగిన ప్యాక్ చేతికొచ్చిన రోజున కాలుతుంది.

కాపడం 15–20 నిమిషాలు. అయిదో నిమిషంలో ప్యాక్ ఎత్తి చర్మం చూడాల్సిందే. సమంగా గులాబీరంగు వస్తే ఫరవాలేదు; ఎరుపు, తెలుపు మచ్చలు కలగలిసి కనిపిస్తే వెంటనే తీసేసి థెరపిస్టును పిలవండి. ‘ఎంత వేడైతే అంత గుణం’ అనుకుని ఓర్చుకునేవాళ్లే ఎక్కువ, వాళ్ల మాట నమ్మకండి. మధుమేహంతో స్పర్శ తగ్గినవారికైతే కాలుతున్నట్టే తెలియదు. వేడి, చల్లదనం తెలుస్తున్నాయో లేదో థెరపిస్టు పరీక్షించారా అని ముందే కనుక్కోండి.

ప్రశ్న: నడిపించేటప్పుడు గెయిట్ బెల్టు (పడిపోకుండా పట్టుకోవడానికి రోగి నడుముకు కట్టే పట్టీ) పైకి జారుతోంది. ఇంకా బిగించాలా?

జవాబు: కూర్చోబెట్టి బిగించిన బెల్టు, లేచి నిల్చోగానే పొట్ట సర్దుకుని వదులవుతుంది. నిలబడ్డాక మరోసారి బిగించండి. రెండు వేళ్లు దూరితే చాలు. పైనుంచి కాదు, కిందినుంచి చెయ్యి పోనిచ్చి పట్టుకోండి. మీరుండాల్సింది బలహీనంగా ఉన్న వైపు, ఒకడుగు వెనక. మనిషి కూలబడుతుంటే పైకి లాగొద్దు. మీ ఒంటికి ఆనించుకుని, మీ తొడ మీదుగా మెల్లగా నేలకు దించండి.