ఉంగరం నంబరు గాజు మీదికి ఎలా వచ్చింది?

ప్రశ్న: నిరుడు అమ్మాయి పెళ్లికి ప్రొద్దుటూరులో 24 గ్రాముల గాజుల జత కొన్నాం. 22 క్యారెట్లన్నారు. బిల్లు రాస్తే 3 శాతం జీఎస్టీ పడుతుందని తెల్లకాగితం మీద చీటీ ఇచ్చారు. మొన్న వేరుశనగ పెట్టుబడికి తాకట్టు పెట్టబోతే, బ్యాంకులో బంగారం చూసే ఆయన గీటురాయి మీద గీసి, 18కి మించదన్నాడు. గాజు లోపల ముద్ర, ఆరక్షరాల నంబరు ఉన్నాయి. మా అబ్బాయి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వాళ్ల కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే 'ఉంగరం' అని చూపించింది. యాప్ తప్పా?
– ఒక పాఠకురాలు, జమ్మలమడుగు

జవాబు: యాప్ తప్పు కాదమ్మా. ఎవరి ఉంగరానికో ఇచ్చిన నంబరును తెచ్చి మీ గాజు మీద కొట్టినట్టుంది. బీఐఎస్ త్రికోణపు గుర్తు, 22 క్యారెట్లని చెప్పే 22కె916 అన్న అంకె చెక్కడం దొంగకు కష్టం కాదు. నంబరు వెనక నమోదైన వస్తువు పేరు మార్చడం మాత్రం అతని చేతిలో లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ నంబరును తప్పనిసరి చేసింది అందుకే.

ప్రొద్దుటూరులోనే ఒక నగల కొట్టులో ఇరవై రెండేళ్లు పద్దులు రాశాను. తరుగు దగ్గర అరగంట బేరమాడేవారు నగను తిప్పి లోపలి ముద్ర చూడగా నేను చూసింది చాలా తక్కువ. తెల్ల చీటీలు నేనూ రాశాను, దాచుకోవడమెందుకు? ఆ 3 శాతం మీ మీద దయతో వదిలింది కాదు, రేపు మీరు అడగడానికి కాగితం లేకుండా చేసింది.

ముందు కొట్టుకు వెళ్లకండి. 'పొరపాటు జరిగింది, మార్చి ఇస్తాం' అని గాజులు తీసుకుంటారు, సాక్ష్యం కరిగిపోతుంది. బీఐఎస్ గుర్తింపు ఉన్న హాల్‌మార్కింగ్ (బంగారం స్వచ్ఛత చూసి ముద్ర వేసే) కేంద్రంలో పరీక్ష చేయించి నివేదిక తీసుకోండి. నిజంగా 18 అయితే మీ జతలో సుమారు 4 గ్రాముల మేలిమి తగ్గినట్టు. 2018 నాటి బీఐఎస్ నిబంధనల ప్రకారం ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చు అదనంగా రావాలి. ఫిర్యాదు అదే యాప్‌లో ఇవ్వవచ్చు, వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న విలువ 5 లక్షల వరకు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

చీటీ మీద కొట్టువాడి చేతిరాత ఉంది, భద్రపరచండి. డబ్బులో కొంతైనా ఫోను ద్వారా కట్టి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. గాజులు పెట్టి ఇచ్చిన సంచీ మీద కొట్టు పేరుంటే అదీ పారేయకండి.